బోరు ఎర్రమడ్డి మీద ఎక్స్‌రే: నానోకణాల్ని నీళ్లలో ఉండగానే చూడటం

బోరు మోటారు వేయగానే బక్కెట్లో పడే నీళ్లు తేటగా ఉంటాయి. అరగంట ఆగి చూస్తే పసుపు తిరిగి ఉంటాయి. సాయంత్రానికి అడుగున ఎర్రమడ్డి. నెల్లూరు తీరాన రొయ్యల గుంటలకు నీళ్లు పెట్టేవాళ్లకూ, ఇనుము పడ్డ బోర్లున్న ఇళ్లవాళ్లకూ ఇదేం కొత్త కాదు. ఆ నీళ్లలో ఉతికిన తెల్లపంచె నాలుగు ఉతుకులకే రంగు తిరుగుతుంది.

ఆ మడ్డిలో ఎక్కువ భాగం ఫెర్రిహైడ్రైట్ అనే ఇనుప ఖనిజం. ఒక్కో రేణువు 2 నుంచి 6 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షో వంతు ఒక నానోమీటరు). నేల లోపల ఆక్సిజన్ ఉండదు కాబట్టి ఇనుము ఫెర్రస్ రూపంలో నీళ్లలో కరిగి ఉంటుంది. పైకి రాగానే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. కరిగున్న కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ పెరుగుతుంది, గాలిలోని ఆక్సిజన్ నీళ్లలో కలుస్తుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే ఫెర్రస్ ఇనుము ఫెర్రిక్ అయ్యే వేగం దాదాపు 100 రెట్లు పెరుగుతుంది. పీహెచ్ 6 దగ్గర గంటలు పట్టేది 7 దాటాక నిమిషాల్లో అయిపోతుంది. అందుకే ఆ నీళ్లు బోరు దగ్గర ఒక రంగు, తొట్లో ఒక రంగు.

ఇదంతా ఒక్క ఎలక్ట్రాన్ లెక్క. ఫెర్రస్ ఇనుములో 3డీ ఎలక్ట్రాన్లు 6, ఫెర్రిక్‌లో 5. ఎన్ని పోయాయి, మిగిలినవి ఏ శక్తి మెట్ల మీద ఉన్నాయి, ఇనుము చుట్టూ ఆక్సిజన్లు ఆరున్నాయా నాలుగేనా, పైపొరకు నీళ్లు ఎలా అతుక్కున్నాయి: ఇవన్నీ కలిపితే ఆ కణపు ఎలక్ట్రాన్ నిర్మాణం. దాన్ని ఎక్స్‌రేతో చూడొచ్చు. చిక్కంతా నీళ్లతోనే.

ఆరబెట్టి పొడి చేసి చూస్తే పోతుందిగా అని ఎవరికైనా తోస్తుంది. చిన్న లెక్క వేసి చూడండి. 3 నానోమీటర్ల కణానికి వ్యాసార్ధం 1.5. పైనున్న 0.3 నానోమీటర్ల పొర తీసేస్తే మిగిలేది 1.2. 1.2ని 1.5తో భాగించి ఘనం చేస్తే 0.51. అంటే కణంలో సగం పైపొరే. 30 నానోమీటర్ల కణంలో ఆ వాటా 6 శాతం మాత్రమే. సగం ఇనుము నీళ్లను తాకుతున్నప్పుడు ఆ నీళ్లు తీసేస్తే మీ చేతిలో మిగిలేది వేరే పదార్థం. ఆరేటప్పుడు కణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, పైనున్న హైడ్రాక్సిల్ గుంపులు ఊడతాయి, ఓవెన్‌లో పెట్టారంటే హెమటైట్ అనే వేరే ఇనుప ఆక్సైడ్ వైపు నడక మొదలవుతుంది. స్ఫటిక నిర్మాణం చూసే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కు పొడి చేసుకోండి, తప్పు లేదు. ఆ పొడి స్పెక్ట్రమ్ చూపించి 'నీళ్లలో ఇనుము ఇలా ఉంది' అంటే మాత్రం ఒప్పుకోలేం.

ఏ అంచు దగ్గర చూడాలి

ఎక్స్‌రే శక్తిని మెల్లగా పెంచుకుంటూ పోతే ఒకచోట ఇనుము ఒక్కసారిగా ఎక్కువ మింగడం మొదలెడుతుంది. అదే శోషణ అంచు. లోపలి 1ఎస్ ఎలక్ట్రాన్ లేచేది కె-అంచు, లోహరూపంలోని ఇనుముకు 7112 ఎలక్ట్రాన్‌వోల్టులు. ఇకనుంచి ఈవీ అంటాను, వెయ్యి అయితే కేఈవీ. 2పీ ఎలక్ట్రాన్ లేచేది ఎల్-అంచు, ఇనుముకు 707 ఈవీ నుంచి మొదలు.

ఎలక్ట్రాన్ నిర్మాణం వరకే అయితే ఎల్-అంచు చెప్పినంత వివరంగా కె-అంచు చెప్పదు. 2పీ నుంచి ఎలక్ట్రాన్ నేరుగా 3డీలోకి దూకుతుంది. ఫెర్రిక్ ఆక్సైడ్లలో ఎల్-అంచు మొదటి శిఖరం (దాన్ని ఎల్3 అంటారు) దాదాపు 1.5 ఈవీ ఎడంతో రెండుగా చీలి కనిపిస్తుంది. ఆ చీలిక చుట్టూ ఉన్న ఆక్సిజన్ల బలాన్ని చెబుతుంది. కె-అంచులో 3డీ జాడ ముందున్న చిన్న బొడిపెలోనే ఉంటుంది. ఫెర్రస్ బొడిపె కేంద్రం 7112 దగ్గర, ఫెర్రిక్‌ది 1.4 ఈవీ పైన. ఇనుము చుట్టూ నాలుగే ఆక్సిజన్లుంటే ఆ బొడిపె బాగా ఎత్తుగా, ఆరుంటే పొట్టిగా ఉంటుంది. అసలు అంచు ఫెర్రస్ నుంచి ఫెర్రిక్‌కు నాలుగైదు ఈవీ దాకా పక్కకు జరుగుతుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. 7.1 కేఈవీ ఎక్స్‌రే నీళ్లలో 0.67 మి.మీ. పోయేసరికి 37 శాతానికి పడిపోతుంది. 710 ఈవీ ఎక్స్‌రే ఆ స్థితికి రావడానికి 1 మైక్రాన్ (మి.మీ.లో వెయ్యో వంతు) చాలు. మొదటిదానికి గది గాలి, కాప్టన్ అనే ప్లాస్టిక్ పొర కిటికీ సరిపోతాయి. రెండోదానికి వాక్యూమ్ కావాలి, 100 నానోమీటర్ల సిలికాన్ నైట్రైడ్ పొరో, వెంట్రుక కన్నా సన్నని నీటి ధారో కావాలి. మొదటిసారి చేసేవాళ్లు కె-అంచుతోనే మొదలుపెట్టాలని నా గట్టి మాట. ఎల్-అంచు ఎంత అందంగా ఉన్నా సరే.

ఇలాంటి ఎక్స్‌రే బీమ్ ఇచ్చే పెద్ద యంత్రం సింక్రోట్రాన్. మనకు దగ్గరున్నది ఇండోర్‌లోని ఆర్‌ఆర్‌క్యాట్ (రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ)లో ఉన్న ఇండస్-2. ఎలక్ట్రాన్లు తిరిగే 2.5 జీఈవీ నిల్వ వలయం (జీఈవీ అంటే 100 కోట్ల ఈవీ). అక్కడి బీమ్‌లైన్లలో బీఎల్-9లో శక్తిని మెట్టుమెట్టుగా మారుస్తూ కొలుస్తారు. బీఎల్-8లో వంచిన స్ఫటికంతో మొత్తం స్పెక్ట్రమ్ ఒకేసారి డిటెక్టర్ మీద పడుతుంది, సమయంతో మారేవాటికి బాగుంటుంది. బీఎల్-1 సాఫ్ట్ (తక్కువ శక్తి) ఎక్స్‌రేకు, అది వాక్యూమ్‌లో నడిచేది. పలచటి నీళ్ల నమూనాకైతే బీఎల్-9 అడగండి. ప్రపోజల్‌లో 'ఇనుప నానోకణాల అధ్యయనం' అని ఊరుకోకుండా నమూనాలెన్ని, ఇనుము గాఢత ఎంత, ఒక్కో స్కాన్‌కు ఎన్ని నిమిషాలు అన్నది లెక్కగట్టి రాయాలి. ఆ లెక్క కింద ఉంది.

గాఢత లెక్క

కె-అంచు దగ్గర ఇనుము శోషణ గ్రాముకు 53 చ.సెం.మీ. నుంచి 408కి ఎగబాకుతుంది. తేడా సుమారు 354. 100 మిల్లీమోలార్ ఇనుమంటే మి.లీ.కి 5.6 మి.గ్రా. 1 మి.మీ. మందం నీళ్లలో అంచు ఎత్తు 0.0056ని 354తోనూ 0.1తోనూ గుణిస్తే వచ్చే 0.2. నీళ్ల వంతు శోషణ దాదాపు 1.5. ఈ పరిస్థితిలో సెల్ ముందూ వెనకా బీమ్ తీవ్రత కొలిచే అయాన్ చాంబర్లు పెట్టి నేరుగా కొలవొచ్చు. 10 మిల్లీమోలార్ అయితే ఎత్తు 0.02, ఇక నేరుగా కొలిస్తే రొదలో మునిగిపోతుంది, ఇనుము తిరిగి వెలువరించే ఎక్స్‌రే వెలుగును, అంటే ఫ్లోరసెన్స్‌ను పట్టాలి.

మరి బోరు నీళ్లు? లీటరుకు 3 మి.గ్రా. ఇనుమున్న నీళ్లంటే 0.054 మిల్లీమోలార్, అంచు ఎత్తు 0.0001. అది అలాగే కొలవబోతే వల లేకుండా చేపల వేటకెళ్లినట్టే. 10 లీటర్ల నీళ్లలో ఇనుము మొత్తం 30 మి.గ్రా. మడ్డిని కూర్చోనిచ్చి, పైనీళ్లు వంచి, సెంట్రిఫ్యూజ్ చేసి 5 మి.లీ.కి తెస్తే సుమారు 100 మిల్లీమోలార్ వస్తుంది. మడ్డి తడి పోకుండా ఇంత చిక్కబెట్టడమే ఇక్కడ అసలు పని. సెంట్రిఫ్యూజ్ గొట్టంలో ముద్ద పగుళ్లిచ్చిందంటే ఆ నమూనా పోయినట్టే, మళ్లీ నీళ్లు కలిపినా పాత స్థితికి రాదు.

బోరు మడ్డిలో సిలికా, ఫాస్ఫేట్, కాల్షియం, మట్టి అన్నీ ఉంటాయి. అందుకని పక్కన పెట్టి పోల్చడానికి శుద్ధమైన ఫెర్రిహైడ్రైట్ ఒకటి ల్యాబ్‌లో చేసుకోవాలి. కాకుటూరులోనో ఒంగోలులోనో ఎమ్మెస్సీ ల్యాబ్‌లో ఉండే సామానుతోనే అవుతుంది. 4 గ్రాముల ఫెర్రిక్ నైట్రేట్ నోనాహైడ్రేట్‌ను 50 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. స్టిరర్ మీద గట్టిగా తిప్పుతూ 1 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్ పోయండి, సుమారు 33 మి.లీ. పడుతుంది. మొదటి 30 మి.లీ. కాస్త జోరుగా పోసినా పర్లేదు. చివరి 2, 3 మి.లీ. మాత్రం చుక్కచుక్కగా, పీహెచ్ మీటర్ మీంచి కన్ను తీయకుండా పోసి, 7, 8 మధ్య ఆపాలి. చెయ్యి జారి పీహెచ్ బాగా పైకి పోతే నిల్వలో గోథైట్ అనే వేరే ఇనుప ఖనిజం పుడుతుంది. ఆమ్లం పోసి వెనక్కి తెచ్చి సరిపెట్టుకోవద్దు, పారబోసి మళ్లీ మొదలెట్టండి. పోయేది 4 గ్రాముల నైట్రేటే.

తర్వాత సెంట్రిఫ్యూజ్, నీళ్లు మార్చడం, లవణాల్ని బయటికి వదిలి కణాల్ని లోపలే ఉంచే డయాలిసిస్ సంచి. సంచి బయటి నీళ్ల కండక్టివిటీ డిస్టిల్డ్ వాటర్ స్థాయికి దిగేదాకా. చివరికి 100 మి.లీ.కి తెస్తే దాదాపు 100 మిల్లీమోలార్ ఉంటుంది. పీహెచ్ 8 దగ్గర ఫెర్రిహైడ్రైట్ పైపొర ఆవేశం సున్నా అవుతుంది, కాబట్టి అక్కడ కణాలు గుంపుకడతాయి. మన బోరు నీళ్ల పీహెచ్ కూడా సాధారణంగా 7, 8 మధ్యే. మడ్డి అంత తొందరగా కూర్చోవడానికి కారణం అదే. విడివిడి కణాలు కావాలంటే పలచటి నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 4కి దించండి, పైపొరకు ధనావేశం వచ్చి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఒకే నమూనాను పీహెచ్ 4లోనూ 8లోనూ కొలిస్తే గుంపుకట్టడం వల్ల స్పెక్ట్రమ్ మారుతోందా లేదా తేలిపోతుంది.

నిల్వకు ఫ్రిజ్ చాలు. ఫ్రీజర్ వద్దు. మంచు కట్టేటప్పుడు కణాలన్నీ మంచు స్ఫటికాల మధ్య సందుల్లోకి తోయబడి ముద్ద అవుతాయి. గది వేడిలో వారాల తరబడి ఉంచితే ఫెర్రిహైడ్రైట్ మెల్లగా గోథైట్, హెమటైట్ అవుతుంది. మన ఎండాకాలంలో ఇంకా త్వరగా. బోరు మడ్డిలో సిలికా ఉంటే ఆ మార్పు ఆలస్యమవుతుంది, అందుకే ల్యాబ్‌ది ముందు ముసలిదవుతుంది. ఇండోర్‌కు రైల్లో ఒక రోజుకు పైనే కదా, ఐస్ బాక్స్‌లో పెట్టుకోండి, ఐస్ ప్యాక్‌కూ సీసాకూ మధ్య గుడ్డ చుట్టండి.

సెల్, కిటికీ, డిటెక్టర్

సెల్ అంటే భయపడే వస్తువేం కాదు. 1 మి.మీ. మందం టెఫ్లాన్ షీటులో 5 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. పొడవు గాడి కోసి, రెండు వైపులా 25 మైక్రాన్ల కాప్టన్ అంటిస్తే 75 మైక్రోలీటర్ల గది తయారు. ఒక్కో కాప్టన్ పొర మింగేది మూడు నాలుగు శాతమే. ప్రవాహం కావాలంటే కింద ఒక గొట్టం, పైన ఒక గొట్టం. లోపలికి కిందనుంచే రావాలి, పైనుంచి పోవాలి. అప్పుడే బుడగలు తమంతట తాము బయటికి పోతాయి.

సెల్ దగ్గర స్టెయిన్‌లెస్ స్టీలు పనికిరాదు. ఫ్రేము, స్క్రూ, సిరంజి సూది, ఏదైనా సరే. చెదిరిన ఎక్స్‌రే వాటికి తగిలి ఇనుము ఫ్లోరసెన్స్ ఇస్తుంది, అది మీ నమూనాదో స్క్రూదో డిటెక్టర్‌కు తెలియదు. కొన్ని బెరిలియం కిటికీల్లోనూ లేశంగా ఇనుముంటుంది. ఇక మన సైదాపురం వైపు అభ్రకం. ఉల్లిపొరలా విడిపోతుంది, నీళ్లు పీల్చదు, కిటికీకి ఇంతకన్నా మంచిదేముంది అనిపిస్తుంది. దాని పచ్చ ఛాయ ఎక్కువగా ఇనుము వల్లే, అదీ ఇబ్బంది. ఇనుము కొలతకు అభ్రకం కిటికీ వాడటమంటే తూకం రాయి మీద బెల్లం అంటించుకోవడమే. అభ్రకానికి ఎక్స్‌రే రంగంలో పని లేదని కాదు. దాని పొరల మధ్య ఎడం వల్ల (2డీ విలువ 19.8 ఆంగ్‌స్ట్రామ్‌లు) స్పెక్ట్రోమీటర్లలో స్ఫటికంగా బాగా పనికొస్తుంది. కిటికీగా వద్దు, అంతే.

కాబట్టి నమూనా కన్నా ముందు ఖాళీ కొలత. అదే సెల్, అదే కాప్టన్, ఉత్త డిస్టిల్డ్ వాటర్. 7112 దగ్గర చిన్న మెట్టు కనబడినా అది పరికరంలోంచి వస్తున్న ఇనుము. ఎక్కడిదో పట్టుకున్నాకే ముందుకు కదలండి.

ఫ్లోరసెన్స్‌కు సెల్‌ను బీమ్‌కు 45 డిగ్రీలు తిప్పి, డిటెక్టర్‌ను బీమ్‌కు 90 డిగ్రీల్లో, వలయం ఉన్న సమతలంలోనే పెడతారు. సింక్రోట్రాన్ కాంతి ఆ తలంలోనే ధ్రువీకృతమై ఉంటుంది కాబట్టి ఆ దిక్కుకు చెదిరేది అతి తక్కువ. నీళ్ల నమూనాలో చెదిరే కాంతే ఎక్కువ, ఇనుము ఇచ్చేది తక్కువ. అందుకే డిటెక్టర్ ముందు మాంగనీస్ రేకు పెడతాం. ఇనుము ఇచ్చే ముఖ్యమైన ఫ్లోరసెన్స్ (కె-ఆల్ఫా) 6404 ఈవీ, మాంగనీస్ అంచు 6539. కె-ఆల్ఫా దానికింద ఉంది కాబట్టి చాలావరకు దాటిపోతుంది, 7112 పైనున్న చెదురు కాంతి రేకులో చిక్కుకుంటుంది. ఆవర్తన పట్టికలో ఒక మూలకం ముందుదాన్ని ఫిల్టరుగా వాడే ఈ ఉపాయం కోబాల్ట్‌కు ఇనుము, నికెల్‌కు కోబాల్ట్ అని సాగుతుంది. రేకు తాను మింగినదాన్ని మళ్లీ మాంగనీస్ ఫ్లోరసెన్స్‌గా కక్కుతుంది, దాన్ని ఆపడానికి సోలర్ స్లిట్లు (నమూనా వైపునుంచి వచ్చేదాన్నే వదిలే సన్న పలకల వరుస) కావాలి. ఫోటాన్ల శక్తిని విడగొట్టి చూపే సిలికాన్ డ్రిఫ్ట్ డిటెక్టరుంటే కె-ఆల్ఫాను విడిగా ఎంచుకోవచ్చు. దాని డెడ్‌టైమ్ (ఒక ఫోటాన్‌ను లెక్కిస్తూ మరోదాన్ని చూడలేని వ్యవధి) మీద కన్నుండాలి. లెక్కకు మించి ఫోటాన్లు పడితే శిఖరాలు తల నరికినట్టు చదునవుతాయి.

ఎక్కువమంది పట్టించుకోనిది హార్మోనిక్స్ సంగతి. కావలసిన శక్తిని ఎంచి పంపే మోనోక్రోమేటర్‌లోని సిలికాన్ 111 స్ఫటికం 7.1 కేఈవీతో పాటు మూడు రెట్లు, అంటే 21.3 కేఈవీ కాంతినీ కొంచెం పంపుతుంది. గట్టి పదార్థంలో అది పెద్దగా బాధించదు. నీళ్లలో కొంప ముంచుతుంది. 3 మి.మీ. నీళ్ల సెల్‌లో 7.1 కేఈవీ కాంతిలో బయటపడేది 1 శాతం పైచిలుకు. 21.3 కేఈవీ మాత్రం 80 శాతం దాకా దాటుతుంది. మొదట్లో హార్మోనిక్ ఒక్క శాతం ఉన్నా వెనక చాంబర్‌లో రెండూ ఇంచుమించు సమానం. స్పెక్ట్రమ్ అంతా అణిగిపోతుంది, తప్పు నమూనాదని అనుకుంటాం. సెల్ మందం 1, 1.5 మి.మీ. దాటించకండి, మోనోక్రోమేటర్‌లోని రెండో స్ఫటికాన్ని 30, 40 శాతం డీట్యూన్ చేయండి (కాంతి ఆ మేర తగ్గేలా కోణం కొద్దిగా తప్పించండి) లేదా ఎక్స్‌రే అద్దం వాడండి.

స్కాన్ మెట్లు ఇలా పెట్టుకుంటే సరిపోతుంది: అంచుకు 150 ఈవీ ముందునుంచి 20 ముందు దాకా 5 ఈవీ చొప్పున, అక్కడినుంచి 30 పైదాకా 0.25 ఈవీ చొప్పున, తర్వాత ఎడంగా. మొత్తం 280, 300 బిందువులు. ఒక్కోదానికి 3 సెకన్లయితే పావుగంట. వెనక చాంబర్ తర్వాత ఇనుప రేకు పెట్టి ప్రతి స్కాన్‌లో దాన్నీ కొలవాలి. మోనోక్రోమేటర్ 0.3 ఈవీ జారినా ఫెర్రస్, ఫెర్రిక్ నిష్పత్తి లెక్క తారుమారవుతుంది.

బీమే నమూనాను మార్చేస్తే

ఎక్స్‌రే నీళ్లను చీలుస్తుంది. హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్లు, హైడ్రాక్సిల్ రాడికల్స్, హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రోజన్ వాయువు పుడతాయి. ఎలక్ట్రాన్లు ఫెర్రిక్‌ను ఫెర్రస్ చేయగలవు. హైడ్రాక్సిల్ రాడికల్స్ ఫెర్రస్‌ను ఫెర్రిక్ చేస్తాయి. రేడియేషన్ మోతాదు కొలిచే ఫ్రికే డోసిమీటర్ పనిచేసేదే ఈ రెండో చర్య మీద. నీళ్లలో సిట్రేట్ గానీ ఆల్కహాల్ గానీ ఉంటే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను అవి తినేస్తాయి, ఎలక్ట్రాన్లదే పైచేయి అవుతుంది. అందుకే సిట్రేట్ పూత ఉన్న కణాలు బీమ్‌లో త్వరగా ఫెర్రస్ వైపు జారతాయి. బంగారంతో ఇంకా తమాషా. బంగారు లవణం నీళ్ల మీద బీమ్ పెడితే బీమే బంగారు నానోకణాల్ని తయారుచేస్తుంది, 11.92 కేఈవీ దగ్గరున్న తెల్లగీత (అంచు మీద లేచే పదునైన శిఖరం) కళ్లముందే తగ్గిపోతుంది. కొలుస్తున్నానని కూర్చున్నవాడు వండుతున్నాడన్నమాట.

పట్టుకోవడం తేలికే. పావుగంట స్కాన్‌కు ముందు అంచు చుట్టూ 40 ఈవీ మాత్రమే తీసుకుని ఒక్క నిమిషం స్కాన్లు పది చేయండి. మొదటిదీ పదోదీ ఒకదాని మీద ఒకటి వేయండి. అంచు జరిగినా బొడిపె మారినా బీమ్ కొరుకుతోందన్నట్టే. అప్పుడు అల్యూమినియం రేకులతో బీమ్ తగ్గించండి, చోటు మార్చండి, లేదా సిరంజి పంపుతో నమూనా పారించండి. ఆగివున్న నమూనా మీద పది స్కాన్లు సగటు తీసి నున్నటి గీత చూపించేవాళ్లను నేను నమ్మను. గీత నున్నగా ఉన్నంత మాత్రాన అది మొదటి నిమిషపు నమూనాది అయిపోదు.

హైడ్రోజన్ బుడగలు వేరే తలనొప్పి. బుడగ బీమ్‌లోకి రాగానే సిగ్నల్ ఎగురుతుంది, పోగానే పడుతుంది. స్పెక్ట్రమ్‌లో మెట్లు మెట్లుగా కనబడితే ఏ కొత్త సిద్ధాంతం వెతక్కుండా ముందు సెల్‌లోకి టార్చి వేసి చూడండి. నీళ్లను ముందే మరిగించి చల్లార్చుకుంటే సగం బుడగలు తగ్గుతాయి.

అంచు ఎత్తు స్కాన్‌కు స్కాన్‌కు ఒకే తీరున తగ్గుతూ పోతే అది మడ్డి కూర్చోవడం. 5 నానోమీటర్ల విడి కణం బరువుకు ఏడాదికి మిల్లీమీటరున్నర కూడా దిగదు. అవే కణాలు గుంపుకట్టి 1 మైక్రాన్ ముద్ద అయితే గంటకు 6 మి.మీ. దిగుతుంది. బీమ్ ఎత్తు అర మిల్లీమీటరు అనుకుంటే అయిదారు నిమిషాల్లో అక్కడ కణాలు పలచబడతాయి. సిరంజి పంపుతో నమూనా పారిస్తూ ఉండటమే దీనికీ, పైన చెప్పిన బీమ్ దెబ్బకూ మందు.

మెత్తని ఎక్స్‌రే దారి

కె-అంచు చేతికొచ్చాక ఎల్-అంచుకు పోవచ్చు. అక్కడ మొట్టమొదట మోసం చేసేది ఫ్లోరసెన్సే. పలచటి ఇనుప నీళ్లలో 700 ఈవీ దగ్గర ఎక్కువ వెలుగు ఇచ్చేది ఇనుము కాదు, ఆక్సిజన్, 525 ఈవీ దగ్గర. శక్తి ఇనుము ఎల్3కి రాగానే ఇనుము తన వాటా ఫోటాన్లు తీసుకుంటుంది, ఆక్సిజన్‌కు దక్కేవి తగ్గుతాయి. ఇనుము తక్కువ సామర్థ్యంతో వెలుగుతుంది కాబట్టి మొత్తం వెలుగు పెరగాల్సిన చోట తగ్గుతుంది. శిఖరం ఉండాల్సిన చోట గుంట. ఆ గుంటను ఎలక్ట్రాన్లేవో నీళ్లలోకి దూకాయని వ్యాఖ్యానించే ముందు ఈ లెక్క వేసుకోవాలి. మంచి ఉపాయం ఏంటంటే, ఆక్సిజన్ వెలుగును మాత్రమే విడిగా కొలిచి తిరగేయడం. ఒకటిని దాంతో భాగిస్తే వచ్చే గీత నమూనా శోషణను స్వీయశోషణ (తన వెలుగును తానే మింగడం) వంకర లేకుండా చూపిస్తుంది. శక్తిని విడగొట్టే డిటెక్టర్ లేకపోతే ఈ దారి మూసుకుపోతుంది.

ఆక్సిజన్ కె-అంచులో నీళ్లే అంతా కప్పేస్తాయనుకుంటారు. పూర్తిగా కాదు. నీటి స్పెక్ట్రమ్ మొదలయ్యేది 535 ఈవీ దగ్గరి చిన్న శిఖరంతో. ఇనుము, టైటానియం ఆక్సైడ్లలో ఆక్సిజన్ లోహపు 3డీతో కలిసిన స్థితులు 530, 533 మధ్య ఉంటాయి. ఆ నాలుగైదు ఈవీల సందులో నీళ్లు అడ్డు రావు. కణంలోని ఆక్సిజన్‌ను నీళ్ల ఆక్సిజన్ నుంచి విడదీసి చూడగలిగే కిటికీ అదొక్కటే.

సిలికాన్ నైట్రైడ్ సెల్‌లో మరో ఉచ్చు ఉంది. నైట్రైడ్ పైన పలచటి ఆక్సైడ్ పొర ఉంటుంది, పీహెచ్ 4లో దానికి రుణావేశం వైపు మొగ్గు. మన ఇనుప కణాలకు ధనావేశం. పోయి అతుక్కుంటాయి. 710 ఈవీ బీమ్ చూసేది మొదటి మైక్రానే కాబట్టి మీరు కొలిచేది నీళ్లలో తేలే కణాల్ని కాదు, నైట్రైడ్ కిటికీకంటిన పొరను. ఉత్త నీళ్లతో సెల్ కడిగి మళ్లీ కొలవండి, ఇనుము సిగ్నల్ ఇంకా ఉంటే దొరికినట్టే. నీటి ధార పద్ధతిలో ఈ గొడవ లేదు. 20, 30 మైక్రాన్ల ధార వాక్యూమ్‌లోకి దూసుకుపోతుంది, ప్రతి క్షణం కొత్త నమూనా, బీమ్ దెబ్బ తగిలే వ్యవధే ఉండదు. ఎక్స్‌రే తగిలి బయటికొచ్చే ఫోటోఎలక్ట్రాన్లు కొలవాలంటే ధారకు విద్యుత్ ప్రవాహం కావాలి, అందుకు 50 మిల్లీమోలార్ దాకా ఉప్పు కలుపుతారు. ఆ ఉప్పే కణాల్ని గుంపుకట్టిస్తుంది, గుంపు నాజిల్‌ను మూసేస్తుంది. కలిపిన తర్వాత ఒక రాత్రి ఉంచి, అడుగున మడ్డి కూర్చుందో లేదో చూసుకోకుండా నాజిల్‌లోకి పంపకండి.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల మీద పనిచేసేవాళ్లు ఇనుప ఆక్సైడ్ నానోకణాల మీద ఫ్లోరైడ్ పట్టించి చూడాలనుకుంటారు. ఆలోచన మంచిదే, రెండు సంగతులు ముందే తెలిసుండాలి. ఇనుము కె-అంచులో ఫ్లోరిన్‌నూ ఆక్సిజన్‌నూ పొరుగువాళ్లుగా విడదీయడం దాదాపు అసాధ్యం, ఆవర్తన పట్టికలో పక్కపక్కనే ఉన్నాయి, ఎలక్ట్రాన్లను చెదరగొట్టే తీరు ఒకలాంటిదే. ఎల్-అంచుకు పోదామంటే ఫ్లోరిన్ సొంత కె-అంచు 697 ఈవీ దగ్గర, ఇనుము ఎల్3కి పది ఈవీ ముందు కూర్చుని ఉంది. దాని తోక ఇనుము శిఖరాల కిందికి పాకుతుంది. ఫ్లోరైడ్ లేని నమూనా, ఉన్న నమూనా, ఇనుము లేకుండా ఉత్త సోడియం ఫ్లోరైడ్ నీళ్లు, ఈ మూడూ ఒకే షిఫ్టులో కొలిస్తే తప్ప ఆ తోక తీసేయలేం.

గీతల్ని విప్పడం

స్పెక్ట్రమ్ గీతల్ని విశ్లేషించే సాఫ్ట్‌వేర్లు అథీనా, లార్చ్ రెండూ ఉచితమే. ముందు ఇనుప రేకు గీతలో మొదటి వంపు బిందువును 7112కి పెట్టి అన్నిటినీ దాంతో సరిచూడాలి. అంచు ముందు 150 నుంచి 30 ఈవీ దాకా సరళరేఖ గీసి తీసేయాలి. ఫ్లోరసెన్స్ అయితే ఈ రేఖ వాలు ప్రతి స్కాన్‌కూ ఒకేలా రావాలి, రాకపోతే బుడగో డెడ్‌టైమో. తర్వాత ఎత్తు ఒకటికి తెచ్చి, ముందు 20 నుంచి పైన 30 దాకా భాగాన్ని తెలిసిన ప్రమాణాల మిశ్రమంగా సరిపెట్టాలి.

ప్రమాణాలే అన్నిటికన్నా ముఖ్యం. పుస్తకంలో దొరికే పొడి హెమటైట్‌తో నీళ్లలోని ఫెర్రిహైడ్రైట్‌ను సరిపెడితే లెక్క ఏదో ఒక శాతం ఇస్తుంది, అదే ప్రమాదం. ప్రమాణాలూ నీళ్లలోనే, అదే సెల్‌లో, అదే గాఢతలో ఉండాలి. ఫెర్రస్ ప్రమాణానికి ఆమ్లీకరించిన ఫెర్రస్ సల్ఫేట్ అప్పటికప్పుడు కలపండి, నిన్నటిది వద్దు. మాగ్నెటైట్ నానోకణాలైతే ఇంకా జాగ్రత్త. గాలి సోకితే మాగ్హెమైట్ అనే మరో ఇనుప ఆక్సైడ్ అవుతాయి, డిఫ్రాక్షన్‌లో రెండూ కవలలు, జాలక పరిమాణం 8.40, 8.35 ఆంగ్‌స్ట్రామ్‌లు. నానోకణాల వెడల్పాటి శిఖరాల్లో ఆ తేడా కనపడదు. ఎక్స్‌రే శోషణలో సగటు ఆవేశం 2.67 నుంచి 3కి పోవడం అంచు జరగడంగా కనిపిస్తుంది.

సెల్‌లోంచి తీసిన నమూనాను సింకులో పారబోయకండి. పీహెచ్ మళ్లీ చూడండి, కాంతి చెదిరే తీరును బట్టి కణాల సైజు చెప్పే డైనమిక్ లైట్ స్కాటరింగ్‌లో సైజు మళ్లీ చూడండి. పోసినప్పుడు 4 ఉన్న పీహెచ్ తీసినప్పుడు 5 అయినా, 40 నానోమీటర్ల గుంపులు 400 అయినా, ఆ స్కాన్ ఫైలు పేరు పక్కనే రాసిపెట్టుకోండి.